ఏడో గడి దగ్గర డాబా

"గొడుక్కు కొత్త పుల్ల కావాలె, భాయ్."

"వానల్లేవు గదా?"

"వచ్చేదాక ఆగుతమా, అన్నా?"

కోడ్ సరిపోయింది. నయాపూల్ దగ్గర గొడుగులు బాగుచేసే భిక్షపతి, అంటే ఏజెంట్ 17కి పై ఆఫీసర్, చినిగిన గ్రాఫ్ ముక్కను గొడుగులో చుట్టి ఇచ్చాడు.

"విదేశీ గ్యాంగోడు దొరకంగనే సగం మింగిండు. గిది రాకెట్ పోయే దారి. నాలుగింటికి శాలిబండ హవేలీ గేటు కాడ డెలిగేట్లు దిగుతరు, ఆడనే పడుతది. యాడికెల్లి కొడుతరో ఆ ముక్క లేదు."

శాలిబండలో 17 పేరు బాబురావు, రేడియో మెకానిక్. మూడో అంతస్తులో ఒంటి గది. అసలు పేరుతో పిలిచేవాళ్లు లేక మూడేళ్లయింది. పలకరించేది కింది వాటా విజయలక్ష్మి ఒక్కతే. అందగత్తె, పైగా డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్. రోజూ డాబా మీద చీరలు ఆరేసి, దిగేటప్పుడు గుమ్మంలో ఆగి "తిన్నవా?" అనేది. ఆ ఒక్క మాట కోసం అతను పొద్దున్నించీ కాచుకుని ఉండేవాడు.

గదికి వచ్చి గ్రాఫ్ పరిచాడు. గేటు సున్నా దగ్గర. రాకెట్ దక్షిణం నుంచి వస్తుందని బాణం గుర్తు. గడి అడ్డంగా యాభై గజాలు, నిలువుగా ఐదడుగులు. పారాబోలా శీర్షం నాలుగు గడుల దూరంలో, పదహారు గడుల ఎత్తున ఉంది. శీర్షానికి రెండు వైపులా గీత ఒక్కలాగే దిగుతుంది కాబట్టి అవతల నేలను తాకేది ఎనిమిదో గడి దగ్గర. అక్కడున్నది ఇరానీ హోటల్. అంత జనంలో రాకెట్ ఎలా పేలుస్తారు? ఏదో డాబా మీంచే అయ్యుండాలి.

సమీకరణం కట్టాడు. నాలుగు నుంచి ఎంత దూరమో దాని వర్గాన్ని పదహారులోంచి తీసేస్తే ఎత్తు. సున్నా దగ్గర పదహారులోంచి పదహారు పోతే సున్నా, సరిపోయింది. హోటల్ నుంచి ఒక గడి ఇటు, ఏడో గడి దగ్గర పదహారులోంచి తొమ్మిది పోతే ఏడు. గేటుకు మూడొందల యాభై గజాలు, ఎత్తు ముప్పై అయిదడుగులు.

ఆ దారిలో అంత ఎత్తు డాబా ఒక్కటే. అది తన నెత్తి మీదే ఉంది.

బట్టల తీగ కోసం విజయలక్ష్మి పైపు పాతించుకున్న రోజు నిచ్చెన పట్టుకున్నది తనే. "వంకరగ ఉంది, సరిచేస్తా" అంటే, "ఉండనీ" అని నవ్వింది. ఆ వంపు సరిగ్గా హవేలీ వైపే, రాకెట్ కూర్చునే గొట్టం అదే. ఇన్నాళ్లూ ఆమె మెట్లెక్కింది పైపు కోసం.

కటింగ్ ప్లయర్ పట్టుకుని పైకి పరుగెత్తాడు. హవేలీ ముందు కార్లు ఆగుతున్నాయి. విజయలక్ష్మి చెయ్యి బకెట్లోని స్విచ్ మీద ఉంది. స్విచ్ నుంచి పైపు దాకా వైరు ఆ బట్టల తీగే. అతను తీగ కత్తిరించాడు. స్విచ్ టక్కుమంది, చీరలు కుప్పగా పడ్డాయి తప్ప ఇంకేమీ కాలేదు.

ఆమె పిస్టల్ తీసేలోగా అతని పెన్నులోంచి టియర్ గ్యాస్ చిమ్మింది.

"నీకు లెక్కలొస్తయని ఎవ్వలు చెప్పలే," అంది దగ్గుతూ, చేతులకు బేడీలు పడుతుంటే.

"నువ్వడిగితే గదా. 'తిన్నవా' అని అడుగుడు గూడ డ్యూటీయేనా?"

ఇద్దరి కళ్లూ మండుతున్నాయి.

వైర్‌లెస్‌గా మార్చుకున్న ట్రాన్సిస్టర్లో ఖబరు చెప్పగానే భిక్షపతి గొంతు గరగరలాడింది. "శభాష్! మనకేమన్న నష్టమైందా?"

"బట్టల తీగ తెగిందన్నా. గంతే."