అడిగాను, వద్దన్నారు

ఆ ఉదయం చెల్లెలి పసిదాన్ని తూచడానికి ఆస్పత్రి నర్సు వచ్చేసరికి అక్క ఇంట్లో లేదు. కింది అంతస్తులో బట్టలుతికే మెషిన్ ఖాళీ అయిందని, తడిగుడ్డలన్నీ బుట్టలో వేసుకుని దిగి వెళ్ళింది. నర్సు వచ్చినప్పుడల్లా మాటలు అటూ ఇటూ అందించేది అక్కే. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడి కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తూ ఈ దేశపు భాష గడగడా మాట్లాడుతుంది. చెల్లెలికి వచ్చినవల్లా, బట్టలు సరిచేసే కొట్టులో కుడుతూ ఏరుకున్న నాలుగు ముక్కలు. పొడుగు, బిగుతు, రేపు, వద్దు, సూది, నొప్పి.

నర్సు పసిదాన్ని తూచి, ఒళ్ళు చేసిందని సైగ చేసింది. చెల్లెలి కంట్లో ఇంకా తగ్గని ఎర్రజీర చూసి, నిదానంగా ఏదో అంది. అందులో చెల్లెలికి తెలిసిన మాటలే ఒక్కొక్కటీ వినబడ్డాయి. నొప్పి. సూది. వద్దు.

మళ్ళీ చెప్పమంది. నర్సు తన నడుముకు సూది గుచ్చినట్టు చూపించి, చిన్నపిల్లకు చెప్పినట్టు సైగలతో విడమరిచింది. కాన్పప్పుడు ఈ సూది కావాలా అని మేము అడిగాం, మళ్ళీ అడిగాం, నీకు వద్దని మీ అక్క చెప్పింది, నువ్వు చాలా ధైర్యవంతురాలివి అని.

చెల్లెలు నవ్వుతూనే ఆమెను సాగనంపింది. తలుపు వేసి, చెప్పుల పక్కనే చతికిలబడింది.

కాన్పు రోజున నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. భర్త సరుకు లారీతో సరిహద్దు అవతల ఉన్నాడు. పై ఇంట్లో ఉండే అక్కే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పొద్దంతా అక్క చెయ్యి పట్టుకుని, నొప్పి తగ్గడానికి ఏదైనా ఇమ్మని అడగవే అని బతిమాలింది. అక్క డాక్టర్‌తో మాట్లాడి వచ్చి, "అడిగాను, వద్దన్నారు. బిడ్డకు మంచిది కాదట" అంది. బిడ్డకోసమే కదా అని ఓర్చుకుంది. అరిచి అరిచి కంట్లో నరం చిట్లింది. పురుడు పోయడానికి తన ఇల్లు వదిలి కిందికొచ్చి ఉంటున్న అక్కను చూసి, అమ్మైనా ఇంత చేయదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

అక్క బుట్టతో తిరిగొచ్చి గుడ్డలు మడత పెట్టడం మొదలుపెట్టింది.

"ఆ రోజు డాక్టర్‌కి ఏం చెప్పావక్కా?"

అడగమన్నదే అడిగానంది అక్క. నర్సు అన్న మాట చెల్లెలు చెబితే, నీకు సరిగ్గా అర్థమై ఉండదని కొట్టిపారేసింది.

"వద్దు అనే మాట నాకు అర్థమవుతుంది."

మడత సగంలో ఆగింది. అక్క తలెత్తి సూటిగా చూసింది. "అవును. నేనే వద్దన్నాను. నువ్వు అరుస్తుంటే వినాలనిపించింది."

"ఒక్కసారైనా జాలి కలగలేదా?"

"వాళ్ళు మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాను."

చెల్లెలి ఒళ్ళంతా మండిపోయింది. నోటికి ఎంత వస్తే అంత అనేసింది. "నీలాంటిదానికి పిల్లలు లేకపోవడమే మంచిదైంది."

"లేకపోవడమేంటే, పిచ్చుకా" అంది అక్క, చిన్నప్పటి ముద్దుపేరుతో. "కన్నాను. అదే ఆస్పత్రిలో."

తర్వాత గొంతు పెంచకుండానే చెప్పింది. ఏడో నెలలో కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. అప్పటికి అక్కకు ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. బావ చూడలేక వరండాలోనే ఉండిపోయాడు. దాహం, దాహం అని తెలుగులో మొత్తుకుంటే, అదేమిటో ఎవరికీ తెలియక వెన్ను నిమిరారు. ఊపిరి లేని బిడ్డను కన్నాక ఇంటికి ఫోన్ చేస్తే, చెల్లెలి పెళ్ళివారికి తెలియనివ్వకు, అపశకునం అనుకుంటారు అంది అమ్మ. ఫోన్ చెల్లెలు అందుకుంది.

"పోనీలే అక్కా, మళ్ళీ పుడతారులే అన్నావు. ఆ వెంటనే, ఇంతకీ నా పెళ్ళికి వస్తావా రావా అని అడిగావు."

చెల్లెలికి ఆ ఫోన్ గుర్తుంది. అక్క రాలేదని పెళ్ళిలో మూతి ముడుచుకున్నదీ గుర్తుంది. అంతకుమించి ఆ బిడ్డ గురించి ఏమీ గుర్తులేదు.

 ఆ రోజంతా అక్క ముట్టుకోబోతే చెల్లెలు పసిదాన్ని లాక్కుంది. సాయంత్రం అక్క వంట చేసి, గిన్నెలన్నీ కడిగి, పైకి వెళ్ళిపోవడానికి బట్టలు సర్దుకుంది.

"మరిది వచ్చాక చెబుతావా?" అంది గుమ్మం దగ్గర.

"చెబుతాను."

అక్క తలూపి తలుపు తీసింది.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అంది చెల్లెలు వెనకనుంచి.

అక్క చేతిలోంచి సంచి కిందికి జారింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "ఆడపిల్లే" అంది. "జుట్టు ఎంత ఒత్తుగా ఉందనుకున్నావు." పొద్దున కథంతా పొడి కళ్ళతో చెప్పిన మనిషి, ఆ జుట్టు మాట దగ్గర గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చెల్లెలికీ కన్నీళ్ళు ఆగలేదు. దగ్గరికి మాత్రం వెళ్ళలేకపోయింది.

చాలాసేపటికి చెల్లెలు లేచి, పసిదాన్ని అక్క ముందు చాపింది. "నిన్ను క్షమించానని కాదు. ఒళ్ళంతా జిగటగా ఉంది, స్నానం చేసొస్తాను. కాసేపు పట్టుకో."

"నా చేతికిస్తావా?"

"ఈ ఊళ్ళో నాకు ఇంకెవరున్నారు?"

అక్క కూర్చుని, రెండు చేతులూ తుడుచుకుని అందుకుంది. చెల్లెలు స్నానాల గదిలోకి వెళ్ళింది గానీ తలుపు మూయలేదు. నీళ్ళ కింద నిలబడి, ముందుగదిలో అక్క పసిదానితో ఏం మాట్లాడుతోందో చెవులు రిక్కించి వింటూ ఉండిపోయింది.