నిద్రపోని డేటాబేస్

ఇన్ఫార్మర్ మంగరాజు శవం అంతర్వేది ఒడ్డుకు కొట్టుకొచ్చి వారమైంది. ఏజెంట్ రాజ్ కుమార్‌కి ఇంకా ఏమీ అనిపించలేదు. కొబ్బరి వ్యాపారి వేషంలో అమలాపురంలో బస్సు దిగి, పీచు ఎగుమతుల బోర్డున్న మేడ ఎక్కాడు.

"ఎండు కొబ్బరి ఉందాండీ?"

"వాన వెలిశాక రండి" అంటూనే తలుపు తెరిచారు స్టేషన్ చీఫ్ పుష్పలత గారు.

"మంగరాజుని వెంటాడి చంపేరు. మిగతా ఇన్ఫార్మర్ల పేర్లు మన క్లౌడ్ డేటాబేస్‌లో ఉన్నాయి. అతని భార్య గంగాదేవి పేరు కూడా. విదేశీ ముఠాకి కావాల్సింది అదే."

"భద్రమేనాండీ?"

"భద్రమే. బిల్లే భరించలేకపోతున్నాం. మనం వాడేది ఏపాటి? బిల్లు చూస్తే బ్యాంకు నడుపుతున్నట్టుంది. ఇవాళ ఐదింటికి చవక సర్వర్‌లోకి మార్చేస్తున్నాం. షైనీ గారు ఏర్పాటు చేసేరు."

కన్సల్టెంట్ షైనీ నవ్వింది. కొత్తపేట అమ్మాయి, సింగపూర్ చదువు, నీలం పట్టుచీర. ఒకప్పుడైతే రాజ్ కుమార్ చూపు తిప్పుకోలేకపోయేవాడు. ఇప్పుడు ఫ్యాను గాలి తగిలినట్టుంది, అంతే.

"వేషం బాగుందండీ. కాయ ఎంతకిస్తారు?"

"మీకు ఊరికే ఇస్తాను. ఒక్కటి చెప్పండి. ఇది వాడినంతకే ఛార్జీ పడే రకం. ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ అడక్కపోతే నిద్రపోవాలి. అప్పుడు డేటా దాచినందుకే కడతాం. మరి ఎందుకు నిద్రపోవట్లేదు?"

"ఫీల్డు ఫోన్ల నుంచి అడుగుతూనే ఉంటారండీ."

అతను తన చేతి గడియారాన్ని డేటాబేస్‌కి కలిపాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే అది వణుకుతుంది. వణికింది. నాలుగు నిమిషాలకి మళ్లీ. సరిగ్గా నాలుగు నిమిషాలకి మళ్లీ. మనుషులు అడిగే తీరు కాదది. అడిగినవన్నీ నమోదయ్యే క్వెరీ లాగ్ తెరిచాడు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఈ రోజు ఒడ్డుకొచ్చిన పడవలెన్ని?

గంగాదేవికి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీవాళ్లు పడవల లెక్క అడుగుతున్నారా?"

"ఏం పడవలు బాబూ. వేట నిషేధం కదా. ఏప్రిల్ నుంచీ అన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ సంగతి తెలీనోళ్లెవరో అడుగుతుండాలి. ఆయన పడవ కూడా ఇక్కడే ఉంది."

"ఆయ్" అని పెట్టేశాడు.

ఫీల్డు ఫోన్లకి యాక్సెస్ కీలు తయారుచేసింది షైనీయే. వాటితో లెక్కలు మాత్రమే కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. జాబితాలో ఏ ఫోనుకీ ఇవ్వని కీ ఒకటుంది. పడవల ప్రశ్న వస్తున్నది దాంతోనే.

ఐదైంది. పుష్పలత గారి వేలు ఎంటర్ మీదికి వెళ్లింది. రాజ్ కుమార్ ఆ కీని రద్దు చేశాడు. గడియారం వణకాల్సిన క్షణం వచ్చింది, దాటిపోయింది.

"ఆపండి మేడమ్. బిల్లు పెంచితే మన పేర్లు మనమే మోసుకెళ్లి ముఠా సర్వర్‌లో పెడతామని షైనీ గారి ప్లాను."

షైనీ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. అందులోని పిస్టల్ పైకి రాగానే పుష్పలత గారు లాగేసుకున్నారు.

"వేట నిషేధం ఒకటుందని గుర్తులేదండీ" అంది షైనీ నెమ్మదిగా.

"కొత్తపేటలో వరి, కొబ్బరీ తప్ప సముద్రం లేదు కదండీ. ఎలా గుర్తుంటుంది?"

ఆమెను జీపెక్కిస్తుంటే అతను కిటికీలోంచి చూడలేదు. ఖర్చుకి నెలవారీ పరిమితి పెట్టాడు. అది దాటకముందే కబురొచ్చేలా అలర్టు పెట్టాడు. డేటాబేస్ నిద్రపోయేదాకా కూర్చున్నాడు.

మరుసటి నెల హెడ్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది: బిల్లు మరీ ఇంత తక్కువేమిటి, అమలాపురం స్టేషన్ అసలు పనిచేస్తోందా?

"ఏం రాయమంటారు?" అన్నారు పుష్పలత గారు.

"ఉన్నామని రాయండి మేడమ్. రుజువు అడిగితే మాత్రం డేటాబేస్‌ని లేపకండి."