రెండుసార్లు రాసిన పేరు

గురువారం పొద్దున ఏడున్నరకి పాస్టరుగారు రెండో కప్పు టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, "ఏమోయ్, ఇవాళ టీ లేదా?" అని అడిగారు.

వంటింట్లో ఆయన భార్య చేతులు ఆగిపోయాయి. "పెడుతున్నానండీ" అంది. మూడో కప్పు పెట్టింది, పాలు ఎక్కువ, డికాక్షన్ తక్కువ. ఇలాంటప్పుడు వాదించకూడదని ఆమెకి ఎనిమిది నెలలుగా తెలుసు.

సంఘంలో అందరూ ఆమెని పాస్టరమ్మ అంటారు. ఆదివారం ఆరాధనలో ముందు వరస బల్ల ఆమెది. పాస్టరుగారి పుస్తకంలో ఆయన చదవాల్సిన చోటల్లా రంగు కాగితాలు అంటించేది ఆమే. ప్రార్థన మధ్యలో ఆయన ఆగిపోతే ఒకసారి దగ్గుతుంది, ముందుకు వెళ్ళమని. చదివిందే మళ్ళీ మొదలుపెడితే రెండుసార్లు దగ్గుతుంది. పాపం పాస్టరమ్మకి ఈ దగ్గు పట్టుకుని వదలడం లేదని సంఘం ఆడవాళ్ళు నాలుగు సీసాల మందు తెచ్చిచ్చారు. నాలుగూ మూత తీయకుండా అల్మారాలో ఉన్నాయి.

పదింటికి పోస్టులో సినడ్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

సినడ్ అంటే ఆ చుట్టుపక్కల ఉన్న అరవై డెబ్బై లూథరన్ సంఘాలకి పెద్ద దిక్కు. ఏ సంఘానికి ఏ పాస్టరు వెళ్ళాలో చెప్పేది సినడ్. మందిరం కప్పు కారితే సాయం చేసేది సినడ్. వీళ్ళు పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్న నాలుగు గదుల ఇల్లు సినడ్‌దే. మందిరం వెనక హాల్లో పని పోయిన ఆడవాళ్ళకి పాస్టరమ్మ కుట్టు నేర్పుతుంది, ఆ మిషన్లు ఇచ్చింది కూడా సినడే. ఇన్ని ఇచ్చిన చేయి ఒక్క కాగితంతో అన్నీ వెనక్కి తీసుకోగలదని ఆమె భయం. ఆ భయాన్ని ఎవరితోనూ అనలేదు. అనకపోవడం వల్ల అదేమీ తగ్గలేదు.

ఉత్తరం చిన్నదే. "మీరు పంపిన బాప్తిస్మ రిజిస్టరు నకలులో ఒకే పాప పేరు రెండు తేదీల్లో కనిపిస్తోంది. ఈ సంగతీ, మరికొన్ని సంగతులూ మాట్లాడటానికి బిషప్‌గారి సహాయకురాలు శనివారం పదింటికి వస్తారు. దంపతులిద్దరూ ఇంట్లో ఉండగలరు."

ఆమె ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదివింది.

ఆ పాప బేకరీ ఆయన మనవరాలు. నాలుగు నెలల క్రితం బాప్తిస్మం అయింది. ఐదు వారాల తర్వాత, జ్వరం తగ్గిందని, ప్రార్థన చేయించుకోవడానికి తల్లి బిడ్డని ముందుకి తీసుకొచ్చింది. పాస్టరుగారు నవ్వుతూ బిడ్డని అందుకున్నారు. అందుకుని, నేరుగా బాప్తిస్మపు నీళ్ళ తొట్టి దగ్గరికి నడిచారు. పాస్టరమ్మ ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, పదిసార్లు దగ్గింది. ఆయన నీళ్ళు మూడుసార్లు పోసి, తండ్రి పేరట, కుమారుని పేరట, పరిశుద్ధాత్మ పేరట అంతా పూర్తిచేశారు. ఆ తల్లి బిత్తరపోయి చూసింది. "ఆశీర్వాదమేలే అమ్మా, ఊరుకో" అని పాస్టరమ్మ ఆమె చెవిలో చెప్పింది. లూథరన్ సంఘంలో బాప్తిస్మం మనిషికి ఒక్కసారే. రెండోసారి ఇవ్వడమంటే మొదటిసారి దేవుడు ఇచ్చింది చెల్లలేదని చెప్పినట్టు. పాస్టరైన వాడు ఎంత నిద్రమత్తులో ఉన్నా చేయని పని అది.

ఆ మధ్యాహ్నమే ఆయన రిజిస్టరు తీసి, తన గుండ్రటి అక్షరాలతో రెండోసారీ పద్ధతిగా నమోదు చేశారు. ఆ సంగతి ఆమె చూసుకోలేదు. ఏడాదికోసారి పంపే నకలు తన చేత్తోనే కవర్లో పెట్టి సినడ్‌కి పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం పాస్టరుగారు పడుకున్న సమయం చూసి, ఆమె మందిరంలోంచి రిజిస్టరు తెచ్చి భోజనాల బల్ల మీద, సినడ్ ఉత్తరం పక్కన పెట్టింది. ఆయన షేవింగ్ బ్లేడు తీసుకుంది. పేజీ మొదట్లో, కుట్టు పక్కనే ఆనించింది. కాగితం ఒక అంగుళం మేర తెగింది.

"అమ్మా! ఏం చేస్తున్నావు?"

గుమ్మంలో కూతురు. ఆసుపత్రి పక్కన రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. సాయంత్రం ఆరుకి గానీ రాని పిల్ల ఇవాళే ముందు రావాలా?

"అంచు చిరిగింది. సరిచేస్తున్నా."

"బ్లేడుతోనా?" కూతురు వచ్చి ఉత్తరం చదివింది, పేజీ చూసింది. అర్థం కావడానికి నిమిషం పట్టలేదు. "వాళ్ళ దగ్గర నకలు ఉందమ్మా. నకల్లో ఉన్నది అసల్లో లేకపోతే ఏమనుకుంటారు? దొంగలమనుకోరూ?"

"పొరపాటున నేనే రాశానంటాను."

"చేతిరాత నాన్నది."

"నీకు తెలిసిందల్లా సూదీ, సీసా. ఇందులో తలదూర్చకు."

"దూరుస్తాను. నాన్నకి బాగాలేదు. ఆ మాట ఒక్కసారి నోటితో అను, చాలు."

"అలసట అది! పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం సెలవు పెట్టని మనిషి. అలసిపోడా?"

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది. "పోయిన వారం మా ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. 'ఏమ్మా, మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?' అని అడిగాడు. నన్నే, అమ్మా."

పాస్టరమ్మ చేతిలోని బ్లేడు బల్ల మీద పడింది.

"నువ్వేం చెప్పావు?"

"పాస్టరండీ అన్నాను. 'మంచి పని' అన్నాడు. వెళ్ళిపోయాడు. నేను లోపలికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఇంటికొచ్చి నీకు చెబుదామంటే నువ్వు వినవు. శనివారం ఆవిడకి నేను చెప్పేస్తాను."

"చెప్పు. చెప్పి మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టు." అంది పాస్టరమ్మ. "ఈ ఇల్లు ఎవరిదనుకున్నావు? ఆయన పాస్టరుగా ఉన్నన్నాళ్ళే మనది. ఇక్కడే ఒక్కోసారి స్నానాలగది ఎటో తెలియక గోడ తడుముకుంటూ నిలబడుతున్నారు. పరాయి ఇంట్లో పెడితే ఏమైపోతారే? ఈ గోడలు కూడా తెలియకపోతే ఆయనకి ఇంకేం మిగులుతుంది?"

తనకీ అదే భయమని కూతురి కళ్ళు చెబుతూనే ఉన్నాయి.

"ఏంటీ, తల్లీకూతుళ్ళు మళ్ళీ మొదలుపెట్టారా?" పాస్టరుగారు కళ్ళు నులుముకుంటూ వచ్చారు. పాస్టరమ్మ బ్లేడు మీద అరచేయి కప్పేసింది. ఆయన రిజిస్టరు మీదకి వంగి, పాప పేరు కింద వేలు పెట్టి, ముఖమంతా వెలిగిపోతుండగా, "ముద్దుగా ఉంటుంది కదూ ఈ పిల్ల! బాప్తిస్మం ఏ ఆదివారం పెట్టుకున్నాం?" అన్నారు.

బల్ల కింద తల్లి చేతిని కూతురు గట్టిగా పట్టుకుంది.

శనివారం పదికి ఐదు నిమిషాలుందనగా సినడ్ కారు వచ్చి ఆగింది. దిగినావిడకి యాభై ఏళ్ళుంటాయి. ఆవిడా పాస్టరే. ఇల్లు బాగుందంది, టీ తాగింది. ప్రతి ప్రశ్నకీ పాస్టరమ్మే ముందు జవాబు చెప్పింది. ఆరాధనకి ఎంతమంది వస్తున్నారంటే నూట నలభై అంది. యువకుల కూటమి ఎలా ఉందంటే దివ్యంగా ఉందంది. వచ్చినావిడ కప్పు కింద పెట్టి, ఆయన వైపే తిరిగి, మెల్లగా అడిగింది. "పాస్టరుగారూ, రేపు ప్రసంగం దేని మీద?"

ఆయన నోరు తెరిచారు. మూశారు. భార్య వైపు చూశారు. ఆ చూపు ఆమె ఎన్నోసార్లు చూసింది కానీ మూడో మనిషి ముందు ఎప్పుడూ చూడలేదు. ఎన్నిసార్లు దగ్గాలో ఈసారి ఆమెకి తెలియలేదు.

"నాన్నా, హాల్లో కొత్త మిషన్ వచ్చింది, చూద్దాం రా" అని కూతురు ఆయన చేయి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

తలుపు మూసుకోగానే పాస్టరమ్మ గబగబా మొదలుపెట్టింది. "తప్పు నాదమ్మా. రిజిస్టరు నేనే రాశాను. ఆయనకేం తెలియదు. ఆయన బంగారంలా ఉన్నారు."

వచ్చినావిడ రిజిస్టరు తెరిచింది. తెగిన అంచు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. పుస్తకం మూసి పక్కన పెట్టి, సంచిలోంచి మూడు ఉత్తరాలు తీసింది.

"పాస్టరమ్మగారూ, రిజిస్టరు ఒక వంక. నేను వచ్చింది వీటి కోసం. ఇవి మీరే చదవాలి."

గుండ్రటి అక్షరాలు. రెండున్నర నెలల కిందటి తేదీ. బిషప్‌గారికి ఆయన రాసిన ఉత్తరం.

"నా జ్ఞాపకం జారిపోతోంది. ఒక బిడ్డకి రెండుసార్లు బాప్తిస్మం ఇచ్చానేమోనని అనుమానం. ఆ తల్లి ముఖం చూసి తెలుసుకున్నాను. ఇక నన్ను బలిపీఠం దగ్గర నిలబెట్టవద్దు. నా భార్యకి ఈ సంగతి తెలియదు. ఆమె పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ భయస్తురాలు. ముందు ఆమెకి ఇల్లు చూపించి, ఆ తర్వాత మెల్లగా చెప్పండి. ఆమె కుట్టు తరగతి మాత్రం ఆగకూడదు."

"నేను కదా దాస్తున్నది" అంది పాస్టరమ్మ, ఎవరితోనో. "నేను కదా..."

"మొదటిదానికి ఆయనకే జవాబు రాశాం. ఉలుకూ పలుకూ లేదు. నెల తిరక్కుండా రెండోది వచ్చింది. ఇవే మాటలు. అప్పుడు మాకు అర్థమైంది."

రెండో ఉత్తరం చివర ఒక్క వాక్యం ఎక్కువ ఉంది. "ఈ సంగతి ఇదివరకే రాసి ఉంటే క్షమించండి."

మూడోది పదిహేను రోజుల కిందటిది. అక్షరాలు వరస తప్పాయి. మొదటి రెండింట్లో అడుగున విడిగా "నా భార్య" అని రాసి, దాని తర్వాత ఆమె పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది. ఇందులో ఆ చోట ఖాళీ ఉంది. కలం ఆనించి తీసిన చుక్కలు ఐదారు ఉన్నాయి. వాటి పక్కన చిన్నగా "పేరు గుర్తు రాగానే రాస్తాను" అని ఉంది.

ఎనిమిది నెలలుగా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. కొంగో, రుమాలో చూసుకోకుండా, అరచేతుల్లో ముఖం పెట్టుకుని బావురుమంది. వచ్చినావిడ లేచి వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చేయి వేసింది. తొందరపెట్టలేదు.

"ఇల్లు..." అంది పాస్టరమ్మ చివరికి.

"రేపటి నుంచి పక్క సంఘం పాస్టరు వచ్చి ఆరాధన నడుపుతారు. అయ్యగారికి సెలవు, జీతం ఆగదు. మంగళవారం నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతాను. ఇల్లు మారాల్సిన పని లేదు. కొత్త పాస్టరుకి వేరే ఇల్లు అద్దెకి తీసుకోమని సినడ్ కమిటీ తీర్మానించింది. కుట్టు తరగతి ఇకమీదట మీ పేరు మీద నడుస్తుంది, పాస్టరుగారి భార్యగా కాదు, నడిపే మనిషిగా. ఇక ఆ బిడ్డ సంగతా? మొదటిదే బాప్తిస్మం. రెండోదాని పక్కన ఇది ఆశీర్వాదమని రాసి నేను సంతకం పెడతాను. పేజీలు కోయక్కర్లేదు."

సిగ్గుతో పాస్టరమ్మ తల దించుకుంది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. రేపు ఆయన ఏం మరిచిపోతారో, ఎల్లుండి ఎవర్ని మరిచిపోతారో సినడ్ చెప్పలేదు, డాక్టరూ చెప్పలేడు. కానీ ఇకమీదట ఆ భయం ముందు ఆమె ఒక్కతే కూర్చోనక్కర్లేదు.

"ఒక్కసారి ఆ పెన్ను ఇస్తారా?" అని అడిగింది. మూడో ఉత్తరంలోని ఖాళీలో, ఆ చుక్కల మీదే, తన పేరు తాను రాసింది.

ఉత్తరం పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి, ఆయన కుట్టు మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. కూతురు కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఏవండీ, నాకంతా తెలుసు."

ఆయన ముఖం తెల్లబోయింది. "ఎవరు చెప్పారు? మెల్లగా చెప్పమన్నానే."

"మెల్లగానే చెప్పారు."

"భయపడ్డావా?"

"చచ్చేంత."

"నేనూ" అన్నారు ఆయన. ఆ ఒక్క మాటతో ఆయన పెద్ద భుజాలు వంగిపోయాయి. ఆమె ఆయన తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. కాసేపటికి ఆయన ఆమె చేతిలోని కాగితం చూశారు. తీసుకుని చదివారు. మధ్యలో ఆమె అక్షరాల దగ్గర ఆగి, బడిపిల్లాడిలా కూడబలుక్కుని, ఆమె పేరు పైకి చదివారు.

"ఇంకోసారి చదవండి" అంది ఆమె.

ఆయన చదివారు.