హెడర్ లేని లైబ్రరీ

ప్రోగ్రామర్‌ని కీబోర్డు ముందే కాల్చేశారు. నీళ్ల ప్లాంట్ నెట్‌వర్క్‌పై నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ అతని చేతిలో సగంలో ఆగిపోయింది.

“మిగతాది నువ్వు బిల్డ్ చెయ్,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో ఏజెంట్ డేగతో. “ప్లాంట్‌లో ఒక కంప్యూటర్ విదేశీ ముఠా గుప్పిట్లో ఉంది. అయిదింటికి ఊరి నీళ్లలోకి క్లోరిన్ మొత్తం వదిలేస్తుంది. అదేదో కనిపెట్టు.”

“కేబుళ్లన్నీ పీకేస్తే?”

“అన్నీ ఒకేసారి ఆగితే వాల్వులు వాటంతటవే తెరుచుకుంటాయి. అలా అమర్చారు వెధవలు.”

ఏసీ మెకానిక్ వేషంలో డేగ కంట్రోల్ రూమ్‌లోకి దూరాడు. శవాన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టాడు. నెత్తురంటిన కీబోర్డును చొక్కా అంచుతో తుడిచి, కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్‌ను లినక్స్‌లో మొదలెట్టాడు. కాసేపటికే అది మొరాయించింది. నెట్‌వర్క్‌లో తిరిగే డేటా ప్యాకెట్లను పట్టే కోడ్ లైబ్రరీ లేదు. ఆ మెషీన్‌కి ఇంటర్నెట్ లేదు.

“మనిషితో పంపిస్తున్నా,” అన్నాడు చీఫ్.

తలుపు చప్పుడైంది.

“గ్యాస్ అయిపోయిందా?” ఆడగొంతు.

“కంప్రెసరే పోయింది.”

కోడ్ కలిసింది. వచ్చింది ‘నెమలి’. ముఠాలో తిరుగుతూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. చూస్తే చూపు తిప్పుకోలేని అందం. లిప్‌స్టిక్ తిప్పితే పెన్‌డ్రైవ్ బయటపడింది.

లైబ్రరీ ఎక్కించాడు. మళ్లీ అదే ఎర్రర్.

“లైబ్రరీ ఉంది, దాన్నెలా వాడాలో బిల్డ్‌కి చెప్పే హెడర్ ఫైళ్లు లేవు. అవి ఉండే డెవ్ ప్యాకేజీ ఏది?”

“నాకేం తెలుసు? ఇచ్చింది తెచ్చా.”

డేగ పెన్‌డ్రైవ్‌లో చెరిపేసిన ఫైళ్లను తవ్వాడు. డెవ్ ప్యాకేజీ దొరికింది. చెరిపిన టైమ్ చూస్తే, ఆమె దారిలో ఉండగానే ఎవరో దాన్ని చెరిపేశారు.

పిస్టల్ నెమలి కణతకు ఆనింది.

“మా చెల్లి వాళ్ల దగ్గరుంది,” అందామె. “ఇది ఆగిందా, దాన్ని చంపేస్తారు. నీకూ తోబుట్టువులుంటారు కదా!”

“ఉంటే నాకీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు కాదు.”

ఆమె చేతిని శవం కుర్చీకి బేడీతో బిగించాడు. చెరిగిన ప్యాకేజీని తిరిగి ఎక్కించాడు. బిల్డ్ పూర్తయింది. తెర మీద గీతలు పరుగెత్తాయి. మూలనున్న కంప్యూటర్ ఒక్కటే విదేశీ అడ్రస్‌తో గుసగుసలాడుతోంది. డేగ దాని కేబుల్ పట్టుకున్నాడు. అయిదవడానికి క్షణాలే ఉన్నాయి.

“ఒక్క ఫోన్ చేసుకోనీ! చెల్లిని పారిపొమ్మంటా. నీ కాళ్లు పట్టుకుంటా!”

లాగేశాడు.

అయిదయింది. వాల్వులు కదల్లేదు. నెమలి ఫోన్ మోగింది. డేగే స్పీకర్ నొక్కాడు.

“అక్కా...” అన్న పిలుపు నడిమధ్యలో తెగిపోయింది.

చిన్నపిల్ల గొంతు. అంత చిన్నదని నెమలి చెప్పలేదు. అతనూ అడగలేదు.

“ఏమైనా నష్టమా?” డేగ ఫోన్‌లో చీఫ్ అడిగాడు.

నేల మీద ముడుచుకుపోయిన ఆమెను డేగ ఓసారి చూశాడు.

“మనవైపు ఏం లేదు సార్. నిశ్చింతగా నీళ్లు తాగండి.”