గోడ మీద తడి మాట

సుల్తానాబాద్ సాలోళ్ల వాడలో పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, పొద్దుగూకితే మగ్గాల చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్లకు అది తలనొప్పి. ఉన్నవాళ్లకు అది లేకపోతే నిద్ర పట్టదు. ఆ వాడ చివరింట్లో ఒక గుంట మగ్గం, ఒక తల్లి, ఒక బిడ్డ ఉండేవాళ్లు. తల్లి పేరు దేవవ్వ. మొగుడు షోలాపూర్ మిల్లులకని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దేవవ్వ ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, తర్వాత మొగుడు కూర్చునే గుంటలో తనే కాళ్లు పెట్టి కూర్చుంది. బిడ్డ బాలలక్ష్మిని మాత్రం పడుగులో నూలు అటూ ఇటూ నడిపే నాడె ముట్టనివ్వలేదు. కండెలు చుట్టు, చదువుకో, అంతే అంది.

నిజాం రాజ్యం పోయి పదేళ్లు దాటింది. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది గానీ ఇంగ్లీషు మాత్రం ఎక్కడికీ పోలేదు. మెట్రిక్‌కు పోయిన పిల్లలంతా దాని దగ్గరే బోల్తా పడేవాళ్లు. బాలలక్ష్మికి మెట్రిక్ పాసై గ్రామసేవిక కావాలని కోరిక. బ్లాకాఫీసు నుంచి తెల్లచీర కట్టుకుని వచ్చే ఆవిడను చూసిన రోజు నుంచి ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

ఎదురింట్లో కిరాయికుండే రామచంద్రం సారు ఆ బళ్లోనే ఇంగ్లీషు చెప్పేవాడు. ఊరికే కూర్చోలేని మనిషి. కాగితాలు కొని చదివించే ఇల్లు కాదని తెలిసి, చిక్కుడాకు పసరులో బొగ్గు నూరి మగ్గం ఎదుటి గోడకు పూయమన్నాడు. తల్లీబిడ్డలు రెండుసార్లు పూసి గోడను నల్లగా నిగనిగలాడించారు. బడి నుంచి వస్తూ సారు ఆ గోడ మీద నాలుగైదు వాక్యాల పాఠం రాసేవాడు. ఒక్కో వాక్యంలో ఒక్కో మాట వదిలేసి గీత గీసేవాడు. బాలలక్ష్మి కండెలు చుడుతూ ఆలోచించి, దీపం పెట్టే వేళకు ఆ ఖాళీలన్నీ నింపేది. అన్నం తిన్నాక సారు వచ్చి దిద్దేవాడు. దేవవ్వకు ఒక్క అక్షరం రాదు. కానీ సారు గొంతులో “ఊఁ” అనే చప్పుడు వినబడితే బిడ్డ సరిగ్గా రాసిందని తెలిసేది. ఆ “ఊఁ” కోసమే ఆమె ఆ కాసేపు మగ్గం ఆపేది.

ఆ ఏడు వానలు పట్టగానే వాడలో మోతీజ్వరం, డాక్టర్లు టైఫాయిడ్ అనేది, దిగింది. బాలలక్ష్మిని మంచాన వేసింది.

ఆ జ్వరంలో నీళ్లు తాపితే సన్ని కొట్టి ఒళ్లు చల్లబడి పోతారని, ఒళ్లు ఎండితేనే జ్వరమూ ఎండుతుందని వాడందరి నమ్మకం. వరసకు అత్తయ్యే ఐలవ్వ గడప మీద కూర్చుని మరీ చెప్పింది. దేవవ్వ ఇంట్లో కుండను ఐలవ్వ ఇంటికి చేర్చింది, బిడ్డ కంట పడకూడదని. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని అవ్వా నీళ్లు, అవ్వా ఒక్క గుక్కెడు అని ఏడ్చింది. దేవవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది కానీ ఇవ్వలేదు. బిడ్డ బతకాలి గదా. ఆఖరి రోజు పిల్ల అడగడం మానేసింది. నల్లగోడ వైపు తిరిగి ఏదో ఇంగ్లీషు మాట గొణుగుతూ పడుకుంది. మళ్లీ మళ్లీ అదే మాట. ఇంత జ్వరంలోనూ పాఠం మరిచిపోలేదు, ఇక గండం గడిచినట్టేనని దేవవ్వ సంబరపడి ఐలవ్వకు కూడా చెప్పి వచ్చింది. తెల్లారేసరికి బాలలక్ష్మి లేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. ఆకులో అన్నం, కోడిగుడ్డు కూర, గారెలు, బెల్లం, పక్కన చెంబుతో నీళ్లు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు తృప్తి, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కాకి దడి మీద కూర్చుంది గానీ దిగలేదు. ఒక్కొక్కరు ఒక్కో మాట ఇచ్చి చూశారు. నీ అవ్వను మేం చూసుకుంటాం అన్నారు. నీ చీర పేద పిల్లకిస్తాం అన్నారు. కాకి కదలలేదు. చివరికి దేవవ్వ చేతులు జోడించింది.

“నీ సదువు ఆపను బిడ్డా. రోజు పాఠం రాపిస్త. నువ్వచ్చి పూర్తి చేసుకో.”

కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. చెంబులో ముక్కు ముంచి, తలెత్తి మింగి, ఎగిరిపోయింది. ముట్టింది పోండ్రి అంది ఐలవ్వ. అందరూ హమ్మయ్య అనుకుని స్నానాలకు పోయారు. అన్నం వదిలి నీళ్లే ఎందుకు ముట్టిందన్న మాట ఎవరికీ తోచలేదు.

చచ్చినవాళ్లకు ఇచ్చిన మాట తప్పకూడదు. దేవవ్వ రామచంద్రం సారు గుమ్మంలో నిలబడి పాఠం రాయమని అడిగింది. ఈమెకు మతి చలించిందని సారు అనుకున్నాడు. కాదనడానికి నోరు రాలేదు. సాయంత్రం వచ్చి, రైతు గురించి, ఆవు గురించి, బడికి పోయే పిల్ల గురించి అయిదు వాక్యాలు రాసి, అయిదు ఖాళీలు వదిలి, సుద్దముక్క గూట్లో పెట్టి తల వంచుకుని వెళ్లిపోయాడు.

బయట ముసురు. గదిలో గంజి పెట్టిన నూలు వాసన, తడిసిన మట్టి వాసన. దేవవ్వ దీపం ముట్టించి మగ్గంలో కూర్చుంది. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది. అందరూ బువ్వలకు లేచారు కాబోలు. ఆమె కూడా చెయ్యి ఆపింది.

చప్పుడు ఆగలేదు.

నల్లగోడ మీద... సుద్ద గీరుకుంటున్న చప్పుడు. మెల్లగా. కాస్త ఆగి, మళ్లీ. ఆలోచించి రాస్తున్నట్టు. జ్వరం మంచం వాసన గుప్పున కొట్టింది. దేవవ్వ కళ్లు పడుగు మీదనే పెట్టుకుంది. తలెత్తితే కనబడుతుంది. కనబడకపోతే అది ఇంకా భరించలేనిది. రెండింటికీ భయమే...

చప్పుడు ఆగాక తలెత్తింది. ఎవరూ లేరు. అయిదు ఖాళీలూ నిండి ఉన్నాయి.

పరుగున పోయి సారును పిలుచుకొచ్చింది. సారు దీపం గోడకు దగ్గరగా పెట్టి చూశాడు. ఆ చేతిరాత రెండేళ్లు దిద్దినవాడు. ఒక్కో ఖాళీ మీదుగా దీపం జరిపి, మళ్లీ మొదటిదాని దగ్గరికి తెచ్చాడు.

“ఏం రాసింది సారు?”

“అన్నీ రైటే దేవవ్వక్కా” అన్నాడు సారు.

దేవవ్వ ఆ రాత్రి నిద్రపోయింది. బిడ్డ పోయాక కంటి మీద రెప్ప వాల్చడం అదే మొదలు. ఆ తర్వాత రోజూ అదే తంతు. సారు రాసేవాడు, సంధ్యకు ఖాళీలు నిండేవి, సారు వచ్చి అన్నీ రైటే అనేవాడు. గొంతులో ఆ “ఊఁ” మాత్రం లేదు. మనిషి చిక్కిపోయాడు. దేవవ్వ మాత్రం తేరుకుంది. బిడ్డ చచ్చిందన్న మాటే గానీ పొద్దుగూకితే ఇంటికొస్తోంది గదా అనుకుని, వీధిలో కాస్త నవ్వడం కూడా మొదలుపెట్టింది. చూసినవాళ్లు తలోమాట అనుకున్నారు.

ఒకరోజు సారు కోసం ఎదురుచూస్తూ ఆమె గోడ దగ్గరికి పోయి నిలబడింది. అంచు మీద పువ్వు తర్వాత పువ్వు ఒక్కలా రావాలని ఏళ్ల తరబడి చూసుకున్న కళ్లు అవి. సారు లోపలికి రాగానే ఒక్కో ఖాళీ మీద వేలు పెట్టి చూపించింది.

“గిది, గిది, గిది... అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి కద సారు? రోజు ఒక్కటే మాట రాస్తుందా?”

చదివి చెప్పమని ఆమె పట్టుబట్టింది. అప్పుడతను అతి మెల్లగా, ఆ ఇంగ్లీషు మాటను ఇంగ్లీషులోనే పలికాడు.

“వాటర్.”

దేవవ్వ మొహం వెలిగింది. అది ఆఖరి రోజు బిడ్డ గొణిగిన మాట. గోడ వైపు తిరిగి, తెల్లారేదాకా కంఠతా పట్టిన పాఠం. గా మాట నాకు ఎరుకే అంది. మా బిడ్డ సచ్చేదాక దాన్నే సదివింది సారూ అని గొప్పగా చెప్పుకుంది. అర్థం ఏమిటని అడిగింది.

సారు తల అడ్డంగా ఊపాడు. అడగకు అక్కా అన్నాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది.

“నీళ్లు” అన్నాడు సారు.

గోడ మీద ఏముందో ఇక దాచలేక, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. రైతు నీళ్లు దున్నును. ఆవు నీళ్లు మేయును. పిల్ల నీళ్లు చదువును. దేవుడు నీళ్లు. అమ్మా నీళ్లు. దేవవ్వ విన్నది. కూలిపోలేదు, అరవలేదు. లోపలి నుంచి చెంబు నిండా నీళ్లు తెచ్చి గోడ కింద పెట్టి, తాగు బిడ్డా, తాగు, తాగు అంటూ నేలకు నుదురు కొట్టుకుంది. ఆ చప్పుడుకు ఐలవ్వ పరుగెత్తుకొచ్చి ఆపాల్సి వచ్చింది.

మర్నాటికి చెంబు ఖాళీ. గోడ మీద మాటలేమీ లేవు. దాహం తీరిందేమో, ఇక ఆపేద్దామన్నాడు సారు. దేవవ్వ ఒప్పుకోలేదు. దాహం తీరితే తీరింది, తన మీద బిడ్డకు ఏముందో తెలియాలి. బతకాలనే ఇవ్వలేదని దానికి తెలుసో లేదో తెలియాలి. ఆ ఒక్కటి తెలియకుండా తను చావలేదు, బతకలేదు. అందుకని చెంబు మళ్లీ నింపి పెట్టి, ఒకే ఒక్క వాక్యం రాయించింది. మా అవ్వ, అని ఇంగ్లీషులో రెండు మాటలు. తర్వాత గీత. తర్వాత చుక్క.

ఆ సంధ్యకు సుద్ద చప్పుడు రాలేదు. గూట్లో సుద్దముక్క కదలలేదు. చెంబులో నీళ్లు మాత్రం... ఎవరో వేలు ముంచినట్టు... టప్పుమన్నాయి. దేవవ్వ ఈసారి చూపు తిప్పుకోలేదు. నల్లగోడ మీద ఆ గీత పైన తడి మెరిసింది. ఒక వంపు. ఒక నిలువు. ఇంకో వంపు. నీళ్లతో రాసిన మాట. ఆమె సారూ, సారూ అని అరుస్తూ వీధి దాటింది. సారు వచ్చేసరికి గోడ ఆరిపోయింది.

మర్నాడు సారు అక్కడే కూర్చున్నాడు. అతనున్నంతసేపూ ఏమీ రాలేదు. అతను గడప దాటగానే వచ్చింది, ఆరింది. ఆమె గుర్తున్నంత మేర బొగ్గుతో నేల మీద గీసి చూపితే, అవి అక్షరాలు కావు అక్కా అన్నాడు. తల్లి ఒక్కదానికే చూపిస్తోంది, తల్లికేమో చదువు రాదు. ఇంతకంటే శిక్ష ఉంటుందా?

దేవవ్వ చదువు మొదలుపెట్టింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, నాడె పక్కన పలక పెట్టుకుని ఏ, బీ, సీలు దిద్దింది. వాడ నవ్వింది. వానలు వెళ్లాయి, చలి వెళ్లింది. రోజూ సంధ్యకు తడి మాట వచ్చేది, ఆరేది. ఎండలు ముదిరేకొద్దీ ఇంకా తొందరగా ఆరేది. ఆమె ఒక్కో అక్షరం పట్టుకునేలోపు మిగతావి పోయేవి. తనూ ఖాళీలు నింపడం నేర్చింది. ఒకరోజు రైతు పాఠం మొత్తం తప్పు లేకుండా నింపితే సారు గొంతులో “ఊఁ” పలికింది. విని ఇద్దరూ ఏడ్చారు.

ఆ సాయంత్రమే ఆమె గోడ ముందు కూర్చుంది. సారు తన గుమ్మంలో నిలబడి, తెరిచి ఉన్న తలుపులోంచి ఆమె వీపు చూస్తూ ఉన్నాడు. ఆమె తల ఎడమ నుంచి కుడికి మెల్లగా కదిలింది. ఆగింది. మళ్లీ కదలలేదు. అతను లోపలికి వచ్చాడు.

“సదివినవా అక్కా?”

“సదివిన.”

“ఏమున్నది?”

ఆమె అతని మొహంలోకి చూసింది. “అన్నీ రైటే సారు” అంది.

అంతకుమించి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ పూట నుంచి దేవవ్వ నీళ్లు ముట్టలేదు. ఇంట్లో కుండలు, చెంబులు అన్నీ బోర్లించింది. ఐలవ్వ వచ్చి ఆమె కాళ్లు పట్టుకుని బతిమాలింది, నేనే చెప్పిన గదనే, నా పాపమే గదనే అని గుండెలు బాదుకుంది. సారు గ్లాసు పట్టుకుని పసిపిల్లను అడిగినట్టు అడిగాడు. దేవవ్వ పళ్లు బిగించుకుంది. పెదవులు పగిలాయి, నాలుక మొద్దుబారింది. మగ్గం మాత్రం ఆపలేదు. ఒక సాయంత్రం వాడలో ఆ ఒక్క మగ్గం చప్పుడు ఆగిపోయింది.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పగలగొట్టి లోపలికి పోయారు. దేవవ్వ గోడకు ఆనుకుని, తల వెనక్కి వాల్చి ఉంది. ఇల్లంతా పొడి. కుండలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఆమె పెదవులు మాత్రం తడిగా ఉన్నాయి. నోటి నిండా నీళ్లు. మూలల నుంచి గడ్డం మీదికి, గడ్డం నుంచి రవిక మీదికి కారుతున్నాయి. ఐలవ్వ కొంగుతో తుడిచింది. మళ్లీ కారాయి. తుడిచింది. మళ్లీ...

పోతూ పోతూ బిడ్డ వచ్చి గొంతు తడిపి పోయిందని ఐలవ్వ ఏడ్చింది. అవునన్నారు అందరూ. రామచంద్రం సారు కూడా అవునందామని దీపం దగ్గరికి తెచ్చాడు.

దేవవ్వ గడ్డం కింద సన్నని అయిదు వేళ్ల తడి ఉంది. నీళ్లు తాపేటప్పుడు పసిపిల్ల గడ్డం పట్టుకుంటాం గదా, సరిగ్గా అట్లాగే. వేళ్లు పడిన చోట మాత్రం, బిగించిన నోరు బలవంతాన తెరిచినట్టు, చర్మం నల్లగా కమిలి ఉంది.