కొత్త బండికి కొత్త బట్ట

కథ చెప్పేవాళ్లు ఎవరి పక్షమూ పట్టకూడదంటారు. నేను మాత్రం నవత పక్షం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనొద్దు.

ఆ సోమవారం ధనుంజయ్ చేసిన పనికి ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద నవత వాళ్ల కార్ వాష్ షాపుంది. దాని ముందు తన కొత్త నల్ల కారును అడ్డంగా ఆపి, డోరు ధడేలున వేసి, బజారంతా వినేటట్టు అరిచాడు.

"ఏంది మేడం గిది? దీన్ని కోటింగ్ అంటరా?"

నవత నీళ్ల పైపు ఆపింది. అప్పుడే వాన వెలిసి ఎండ పొడిచింది. ఆ ఎండలో బానెట్ మీద సన్నని గీతలు సుడులు సుడులుగా మెరుస్తున్నాయి. నెల కూడా కాలేదు ఆమె ఆ కారుకి పాలిష్ పెట్టి, కోటింగ్ వేసి. పనంతా గంగలో కలిసింది.

"ఏ బట్టతోని తుడుస్తున్నరు సార్?"

"ఎవ్వలు తుడుస్తలేరు. మీరిచ్చిన మైక్రోఫైబర్ బట్ట ఇంకా కవర్లనే ఉన్నది. నీళ్లు కొట్టి వదిలేస్తున్న, అంతే."

"ఎవ్వలు ముట్టకుంటె, కారే లేచి దానికదే గోక్కున్నదా?"

పక్క టైర్ల షాపు సామేలు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో ధనుంజయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది.

"పని రానోళ్లు పాలిష్ షాపు పెడితే గిట్లనే ఉంటది!"

షాపు లోపల స్టూలు మీద కూర్చుని తుడుపు బట్టలు మడతపెడుతున్న ఓదెలు తల ఎత్తాడు. నవత తండ్రి ఆయన. దుబాయిలో ఓ మాల్ కింద, గాలాడని పార్కింగులో ఏండ్లకేండ్లు కార్లు తుడిచి, మోకాళ్లు అరగదీసుకుని వచ్చిన మనిషి. అక్కడ మిగిల్చుకున్నదంతా ఈ షాపులోనే పెట్టాడు. నవత బీకాం అయ్యాక హైదరాబాదులో పాలిష్ పని నేర్చుకొచ్చి దాన్ని నడుపుతోంది.

"మా బాపు షేకుల కార్లు తుడిచిండు. వాళ్లే ఒక్క మాట అనలే. నువ్వు సిరిసిల్లకెళ్లి వచ్చి అంటున్నవా?" అంది నవత. సార్ పోయాడు, మీరు పోయింది, నువ్వు మిగిలింది.

"అంట! అందరికీ చెప్త!"

చెప్పాడు కూడా. ధనుంజయ్‌ది సిరిసిల్ల, మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. రోజూ జగిత్యాల, కోరుట్ల డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు. జగిత్యాల కార్ల వాట్సాప్ గ్రూపులో బానెట్ ఫొటో పెట్టి, షాపు పేరు రాసి, "పాలిష్ పేరు మీద గీతలు గీస్తున్నరు. పోకండ్రి" అన్నాడు. సాయంత్రానికల్లా జగిత్యాల డాక్టరు ఒకాయన కోటింగ్ వద్దనేశాడు. ఆ వెనకే ఇంకొకాయన. ఓదెలు ఆ ఫొటో చూసి, మడతపెట్టిన బట్టలనే విప్పి మళ్లీ మడతపెట్టాడు.

అది చూసి నవతకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు తెలుసు.

కోటింగ్ వేసిన రోజు ధనుంజయ్ పొద్దంతా షాపులోనే కూర్చున్నాడు. వేములవాడలో పూజ చేయించుకుని అటునుంచి అటే వచ్చాడు. బానెట్ మీద కుంకుమ స్వస్తిక్ ఎండకి అతుక్కుపోయి ఉంది. "దేవుడు బొట్టు పెట్టుమన్నడు గని, కుండెడు పొయ్యమన్లే" అని తిట్టుకుంటూ నవత దాన్ని మెల్లగా నానబెట్టి తీసింది. సాయంత్రం జోరున వాన. కోటింగ్ మీద చుక్క పడొద్దని షట్టరు సగం దించారు. ఆమె డోరు మీద చివరి చెయ్యి తిప్పుతుంటే, ఆ నల్లటి నిగనిగలో తన ముఖం కనిపించింది. దాని వెనక తననే చూస్తున్న అతని ముఖం కూడా.

"మస్తు మెరుస్తున్నది" అన్నాడతను.

"కారా?"

"ఊఁ... కారు గూడ."

ఆ తర్వాత టైర్ల గాలి సంగతి అడగడానికి ఒకసారి వచ్చాడు. కారు మీద పిట్ట రెట్ట వేస్తే ఏం చేయాలని మూడుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి నవతే నవ్వుతూ, "మీ సిరిసిల్ల పిట్టలకు వేరే పని లేదా?" అంది. అట్లాంటివాడు వచ్చి బజార్లో నిలబడి పని రాదన్నాడు. చెప్పండి, కోపం రాదా?

మర్నాడే ఆమె ఫోన్ చేసింది.

"కారు తీస్కరా. మళ్ల చేసిస్త, ఉత్తగనే. దాని తర్వాత గీత పడితే నేనే మీ ఇంటికొచ్చి చూస్త. నా పని తప్పయితే షాపు బోర్డు దించుత. నీది తప్పయితే అదే గ్రూపుల నీ పేరు పెట్టి రాయాలె."

"దించుతవా?"

"దించుత. నీ లెక్క మాట మార్చేదాన్ని గాదు."

మళ్లీ పాలిష్ పెట్టింది. ఈసారి ఆ డోరులో ఇద్దరి ముఖాలూ కనిపించాయి గానీ, ఒకరి వైపు ఒకరు చూస్తే ఒట్టు.

వారం తిరక్కముందే అతని ఫోన్. "మళ్ల పడ్డయి. గవే సుడులు. వచ్చి చూడు!"

నవత వేములవాడ బస్సెక్కి, అక్కడ సిరిసిల్ల బస్సు మారింది. ఏం అడగాలో, ఏం తిట్టాలో దారి పొడుగునా సాధన చేసుకుంది. ఊళ్లోకి రాగానే, ధనుంజయ్ వాళ్లుండే బీవై నగర్‌కి ఇక్కడ దిగితేనే దగ్గరని కండక్టరు చెబితే దిగిపోయింది. అతను మాత్రం అవతల బస్టాండులో ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.

ఇల్లు అడుగుతూ వెళ్లింది. ఇంటి పక్క షెడ్డులో సాంచెలనే మరమగ్గాలు టకటకా బట్ట నేస్తున్నాయి. వాకిట్లో నల్ల కారు. దాని బానెట్ మీద వంగి, భుజబలమంతా పెట్టి, తెల్లని కొత్త బట్టతో ఒక పెద్దమనిషి గుండ్రంగా రుద్దుతున్నాడు.

నవత అక్కడే ఆగిపోయింది.

"కాకా, ధనుంజయ్ వాళ్ల ఇల్లు ఇదేనా?"

"ఇదే బిడ్డా. నేను వాళ్ల బాపును, రాజం. కోరుట్ల బిడ్డవు నువ్వేనా? వాడు నీకోసమే బస్టాండుకు పోయిండు. పాలిష్ చేసిన పిల్ల వస్తుంటె బండి మీద దుమ్ముంటె బాగుంటదా? అందుకే తుడుస్తున్న."

"రోజూ... తుడుస్తరా కాకా?"

రాజం వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వాడు లేవకముందే తుడుస్త. చూస్తే 'నీకెందుకు బాపు' అని లొల్లి పెడుతడు. మా ఇంట్ల మొదటి కారు బిడ్డా. నేను సైకిల్ మీద బట్ట తాన్లు మోసిన. ఇగ నా కొడుకు కారెక్కి పోతుంటె..." మాట పూర్తిచేయలేక మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆ బట్ట ఏంది కాకా?"

"ఇప్పుడే సాంచ మీదికెళ్లి కోసిన. రోజుకో కొత్త ముక్క! కొత్త బండికి పాత బట్ట పెడుతమా? మా ఇంట్ల దేవుని పటాలు గూడ కొత్త బట్టతోనే తుడుస్తం. చూడు, ఎంత గట్టిగున్నదో."

నవత పట్టుకు చూసింది. నిజమే, గట్టిగా ఉంది. పోగులు తెగకుండా పట్టిన గంజి ఇంకా అట్లాగే ఉండి, అప్పడంలా పెళపెళలాడుతోంది. పొడి దుమ్ము మీద దాన్నిట్లా రుద్దితే కారేంటి, బండరాయి మీద కూడా గీతలు పడతాయి.

దొంగ దొరికాడు. తన బోర్డు నిలబడింది. తండ్రి తల ఎత్తుకు తిరుగుతాడు. ఒక్క మాట చెబితే చాలు.

అప్పుడే బస్టాండు నుంచి ధనుంజయ్ బైకు మీద వచ్చి దిగాడు. "నేనక్కడ నిలబడుతి, నువ్వు ఇక్కడికే వస్తివా? చూసినవు గదా! ఇప్పుడు చెప్పు, ఎవ్వలది తప్పు?"

రాజం బట్ట మడిచి భుజాన వేసుకుని, పెళ్లికొడుకు తండ్రిలా కారు పక్కన నిలబడ్డాడు. "తప్పేందిరా? బండి మంచిగనే ఉన్నది. కదా బిడ్డా?"

నవత ఆయన వైపు చూసింది. దారి పొడుగునా సాధన చేసిన తిట్లన్నీ పక్కన పెట్టేసింది.

"తప్పు నాదే" అంది. "పాలిష్ సరిగ కుదరలే. మళ్లొకసారి చేసిస్త. అప్పటిదాంక బండిని ఎవ్వలు ముట్టొద్దు కాకా, పొడి బట్ట అసలే తగలనియ్యొద్దు. గీ బట్ట నేను తీస్కపోనా?"

"తీస్కపో బిడ్డా, ఇంకో గజం కోసియ్యనా?"

"చాలు కాకా."

వచ్చిన దారినే వెళ్లిపోయింది. ధనుంజయ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కుంకుమ బొట్టు మీద కూడా దేవుడితో గొడవపడే పిల్ల, గీతల మీద ఇంత తొందరగా ఒప్పుకుంటుందా? బానెట్ దగ్గరికి వంగి చూశాడు. కారు కంపెనీ గుర్తు సందులో తెల్లని పోగొకటి ఇరుక్కుని ఉంది. దాన్ని లాగి వేళ్ల మధ్య నలిపాడు. సాంచెల మోతలో పుట్టిపెరిగినవాడు, కొత్త పోగు బిరుసు తెలియనివాడా? అటు చూస్తే తండ్రి, ఖాళీ అయిన భుజాన్ని తడుముకుంటున్నాడు.

బస్టాండులో ఆమెని అందుకున్నాడు. చేతిలోని బట్ట లాక్కుని, తన మణికట్టు మీద గట్టిగా రుద్దుకున్నాడు. ఎర్రగా కందింది.

"ఎవ్వలడిగిండ్రు నిన్ను అబద్ధమాడుమని?" అరిచాడు. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. "షాపు పేరు పోతది! బోర్డు దించుతనంటివి! మీ బాపు ఏమైతడు?"

"మరేం చెయ్యమంటవు?" నవత కూడా గొంతు తగ్గించలేదు. "బట్ట నేసి బతికిన మనిషి ముందట నిలబడి, నీ బట్టే నీ కొడుకు కారు ఖరాబు చేసిందని చెప్పాల్నా? నీ నోటికి అడ్డూ అదుపూ లేదు గని, నాకున్నది!"

  ధనుంజయ్ ఆ బట్టని నాలుగు మడతలు వేశాడు.

"ఆ రోజు నాకు కోపమొచ్చింది గీతలకే గాదు" అన్నాడు. "నేను షాపుకు వచ్చేదే నీ కోసం. అందరి ముందట నన్ను నవ్వులపాలు చేసినవని... నువ్వంటే నాకు మస్తు ఇష్టం నవతా. ఇష్టమున్నోడు చేసే పని ఒక్కటి గూడ చెయ్యలే."

"గిది చెప్పుతందుకు బస్టాండే దొరికిందా?" ఆమె ముఖం ఎర్రబడింది, అది పూర్తిగా కోపమేనని నేను ప్రమాణం చేయలేను. "ముందు గ్రూపుల రాయి. మిగిలింది తర్వాత చూస్త."

బస్సు వేములవాడ చేరకముందే రాశాడు. "గీతలు మా ఇంట్ల పడ్డయి. షాపు తప్పు లేదు. తప్పు నాది, మాట తూలింది నేను. ధనుంజయ్, సిరిసిల్ల." కింద ఎవరెవరో నవ్వుల బొమ్మలు పెట్టారు. పెట్టనీ, పడాల్సిందే.

నవత ఫోన్ చేసింది. "నీ తప్పని రాసినవేంది?"

"మా బాపుది నాది గాదా?"

 ఆమె కోరుట్ల చేరేదాకా ఫోను పెట్టెయ్యలేదు.

ఆదివారం నల్ల కారు మళ్లీ షాపు ముందు ఆగింది. ధనుంజయ్ దిగాడు. పక్క సీట్లోంచి రాజం దిగాడు, చంకలో ఒక మూటతో, కళ్లలో నిప్పులతో.

"ఏమనుకున్నరు మీరిద్దరు నన్ను? పాలు తాగే పిలగాన్ననుకున్నరా?"

నవత బిత్తరపోయింది. ధనుంజయ్ నేల చూపులు చూస్తున్నాడు.

"వీడు ఫోన్ల రాసింది తిరిగి తిరిగి మా ఊరికొస్తె, హోటల్ కాడ మా దోస్తు చదివి చెప్పిండు. గీతలు మా ఇంట్ల పడ్డయట! మా ఇంట్ల బండి ముట్టేది నేనొక్కన్ని. నాకు సమజ్ కాదా? గంజి సంగతి మీకంటె నాకే ఎక్కువ ఎరుక. కారు రంగు అంత సుకుమారమని తెల్వదు. చెప్తే నేర్చుకుంటుంటి గదా! నువ్వు అబద్ధమాడుడు, వీడు నా తప్పు నెత్తినేసుకునుడు. చెప్తె సచ్చిపోతననుకున్నరా?"

"తప్పయింది కాకా" అంది నవత. ఆయన కోపం న్యాయమైంది. అందుకే ఈసారి నేను కూడా నవత పక్షం మాట్లాడను.

రాజం మూట విప్పాడు. తెల్లని బట్ట ముక్కలు. వేడినీళ్లలో ఉడకబెట్టి, గంజంతా వదిలేదాకా జాడించి, అంచులు కుట్టించి తెచ్చాడు. ఓదెలు ఒక ముక్క తీసుకుని చెంపకి ఆనించుకుని చూశాడు.

"వెన్న తీరుగున్నది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

"అయితే తుడుసుడెట్లనో నాకు చూపెట్టు" అన్నాడు రాజం.

ఇద్దరు పెద్దవాళ్లు బకెట్లు ముందేసుకున్నారు. ముందు నీళ్లు, తర్వాత షాంపూ, బట్ట బరువే తప్ప చేతి బరువు పడొద్దని ఓదెలు చెబుతుంటే, రాజం పసిపిల్లకి స్నానం చేయిస్తున్నంత మెల్లగా తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ డోరు దగ్గర ఆగాడు. కడిగిన నల్లని డోరులో, వెనక నిలబడ్డ ఇద్దరూ కనిపించారు. ఎవరూ చూడడం లేదనుకుని, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు.

"నాకు తెల్వకుండ దాచింది గీతలొక్కటేనా" అడిగాడు రాజం, తల తిప్పకుండానే, "ఇంకేమన్న ఉన్నదా?"

ధనుంజయ్ దగ్గాడు. నవత పైపు ఎత్తుకుంది.

"ఉన్నది బాపు" అన్నాడు ధనుంజయ్. "ఆమె ఒప్పుకుంటె."

"ఒప్పుకుంట" అంది నవత, పైపు వైపు చూస్తూ. "గని మళ్ల బజార్ల నిలబడి అరిస్తే ఈ నీళ్లు కారు మీద గాదు, నీ మీద కొడుత."

ఓదెలు పెద్దగా నవ్వాడు. ఆ ఫొటో చూసిన రోజు నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

"కాకా, చాయ తాగుతరా?" అంది నవత, ఎక్కడికైనా తప్పించుకుందామని.

రాజం బట్ట పిండి భుజాన వేసుకుని, మళ్లీ కోపం తెచ్చుకున్నాడు.

"కాకా ఏంది, కాకా? ఇంత జరిగినంక ఇంకా కాకానే? మామా అని పిలిస్తెనే తాగుత, లేకుంటె వద్దు!"