తార్నాక తోవల మూల్గే బంగ్లా

యూనివర్సిటీ దాటి తార్నాకకు పోయే తోవల ఒక ఒంటరి బంగ్లా ఉండె. చీకటి పడ్డంక ఆ దిక్కు ఎవ్వరూ పోకపోతుండ్రి. లోపల ఎవరో మూల్గుతరట... తెల్లబట్టల మనిషి దీపం పట్టుకొని తిరుగుతడట. సైన్సు చదివే పోరగాండ్లు సుత చుట్టు తిరిగి పోతుండ్రి.

అరవై ఎనిమిది వానకాలం. మా హాస్టల్ మెస్సుల వంట చేసే ఎంకన్నకు ఎదురైన ముచ్చట ఇది. ఆయన నోటనే విన్న.

ఆయన చెల్లె బాలలక్ష్మికి నెలలు నిండినయి. ఊర్లె సర్కారు దవాఖాన ఉన్నది — పేరుకే. కొత్త డాక్టరును వేసి రెండేండ్లాయె, మొఖం చూసినోడు లేడు. ఎప్పుడడిగినా "సారు లీవుల ఉన్నడు" అంటడు కాంపౌండరు. ఇగ కాదని ఎంకన్న చెల్లెను పట్నం తోలుకొచ్చిండు. సీతాఫల్‌మండిల రైలు దిగేసరికి చీకటి. వాన. ఒక్క రిక్షా లేదు.

పెద్ద దవాఖానకు అదే దగ్గరి తోవ. నడుస్త నడుస్త, సరిగ్గ ఆ బంగ్లా ముంగట —

"అన్నా... ఇగ నాతోని కాదే."

గేటు పట్టుకొని కూలబడ్డది.

బంగ్లా లోపటి నుంచి మూల్గు. కిటికీల దీపం కదిలింది... దగ్గరికొచ్చింది... తలుపు కిర్రుమన్నది. తెల్లబట్టలు!

ఉరుకుదామంటే చెల్లె ఉన్నది.

"దయ్యమైనా సరే, నీ కాల్మొక్త! నా చెల్లెను కాపాడు!"

తెల్లబట్టలాయన కందిలి ఎత్తి చూసిండు. మెల్లగ అడిగిండు. "నొప్పులా? ఏ ఊరు మీది?"

ఎంకన్న ఊరు పేరు చెప్పిండు.

అంతే — దయ్యం గజగజ వణికింది! కందిలి కిందపడి పగిలింది.

"ఎవరు... ఎవరు పంపించారు మిమ్మల్ని? నేను లీవులో ఉన్నాను! పైవాళ్ళకు చెప్పకండి!"

అప్పుడు సమజైంది ఎంకన్నకు. వాళ్ళ ఊరి డాక్టరు! ఊరిని గాలికొదిలి, గీడ దొంగచాటుగ ప్రాక్టీసు నడుపుతున్నడు. మూల్గేది రోగులు. ఎవరూ తొంగి చూడకుండ దయ్యం పుకారు పుట్టించింది సుత ఆయనే.

భయానికో ఏమో, కాన్పు మంచిగనే చేసిండు. ఆడపిల్ల. తెల్లారి గేటు దాక వచ్చి చేతులు జోడించిండు. "ఊళ్ళో మాత్రం చెప్పకమ్మా..."

బాలలక్ష్మి అన్న భుజం పట్టుకొని నిలబడ్డది.

"నిరుడు మా యారాలు చిట్టెమ్మ నీ దవాఖాన అరుగు మీదనే కాన్పు కాక పానమిడిసింది. నువ్వు సుత యాడనో సచ్చే ఉంటవ్ అనుకున్నం సారూ. బతికే ఉన్నవా?"

తుపుక్కున ఉమ్మి, బిడ్డను పైటల కప్పుకొని తోవ పట్టింది.